క్యాల్షియం మాత్రలోకి విటమిన్ కె ఎందుకు వచ్చింది?

మా అమ్మ మందుల డబ్బాలోని క్యాల్షియం మాత్రల షీటును వెనక్కి తిప్పి చదివితే మూడు పేర్లు కనిపిస్తాయి. మొదటిది క్యాల్షియం, రెండోది విటమిన్ డి3, మూడోది విటమిన్ కె2-7. పదేళ్ల కిందట ఆమె వాడిన షీటు మీద ఈ మూడో పేరు లేదు. ఇదెందుకని మందుల షాపులో అడిగితే, ‘‘తిన్న క్యాల్షియం గుండె నరాల్లో పేరుకోకుండా నేరుగా ఎముకల్లోకి పోయేలా చేస్తుందండీ’’ అని ఒక్క ముక్కలో చెప్పారు. ఆ తర్వాత అదే మాటను ప్రకటనల్లోనూ వీడియోల్లోనూ చాలాసార్లు విన్నాను. అందులో కొంత నిజం ఉంది. జీవరసాయన శాస్త్రం దశాబ్దాల తరబడి ఓపికగా కూడబెట్టిన నిజం అది. అయితే ప్రయోగశాలలో అది నిలబడినంత గట్టిగా, మనుషుల మీద జరిగిన పరీక్షల్లో నిలబడలేదు. ఈ రెంటికీ మధ్య దూరం ఎంత, ఆ మాత్ర ఎవరికి నిరపాయం, ఎవరికి ప్రమాదం అన్నది విడమరిచి చెప్పుకోవలసిన విషయం.

ఈ కథ కోడిపిల్లలతో మొదలైంది. 1929లో కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, శరీరం కొలెస్టరాల్‌ను ఎలా వాడుకుంటుందో తెలుసుకోవడానికి కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన మేత పెట్టాడు. కొన్ని వారాలకు వాటికి చర్మం కింద, కండరాల్లో రక్తం కారడం మొదలైంది. కారిన రక్తం తొందరగా గడ్డకట్టలేదు. కొలెస్టరాల్ కలిపి పెట్టినా, అప్పటికి తెలిసిన విటమిన్లు చేర్చినా ఫలితం లేకపోవడంతో, ఇంకా పేరు లేని పదార్థమేదో ఆ మేతలో లోపించిందని ఆయన గ్రహించి, 1935లో దానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. డేనిష్, జర్మన్ భాషల్లో గడ్డకట్టడాన్ని ‘కోయాగులేషన్’ అంటారు, ఆ మాటను వాళ్లు ‘కె’ అక్షరంతోనే రాస్తారు. 1939 నాటికి అమెరికాలో ఎడ్వర్డ్ డోయిసీ బృందం దీన్ని రెండు రూపాల్లో వేరుచేసింది. పశువుల మేతగా పెంచే ఆల్ఫాల్ఫా ఆకు నుంచి తీసింది కె1, కుళ్లిన చేపల పొడి నుంచి తీసింది కె2. ఈ పనికి డామ్‌కూ డోయిసీకీ కలిపి 1943 నోబెల్ బహుమతి లభించింది.

ఒకటి ఆకులోంచీ మరొకటి కుళ్లిన పదార్థంలోంచీ రావడం యాదృచ్ఛికం కాదు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే పనిలో మొక్కకు కె1 అవసరం, అందుకే ఆకు ఎంత ముదురు పచ్చగా ఉంటే అందులో అది సాధారణంగా అంత ఎక్కువ. కె2 ఎక్కువగా బ్యాక్టీరియా తయారుచేసుకునేది. అది ఒక్క పదార్థం కాదు, ఒక కుటుంబం. అణువుకు ఉండే గొలుసు లాంటి తోక పొడవును బట్టి వాటికి ఎంకె-4, ఎంకె-7, ఎంకె-9 అని పేర్లు పెట్టారు. ఈ కుటుంబంలో ఎంకె-4 మాత్రం వేరు, కె1ను తీసుకుని జంతువుల శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది కాబట్టి మాంసంలో, గుడ్డు పచ్చసొనలో, వెన్నలో అది కొద్దికొద్దిగా ఉంటుంది. మన మాత్రల షీటు మీద కె2-7 అని రాసి ఉండేది ఎంకె-7. దానికి ప్రసిద్ధమైన ఆహారం జపాన్‌వాళ్ల నాటో. ఉడికించిన సోయా గింజలను ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెడితే తీగలు సాగే జిగురుతో, ఘాటైన వాసనతో తయారయ్యే పదార్థం అది.

శరీరంలో విటమిన్ కె చేసే పని ఒక్కటే. అది ఎక్కడెక్కడ జరుగుతుందన్నదే అసలు కథ. కొన్ని ప్రొటీన్లలో గ్లుటామిక్ ఆమ్లం అనే భాగం ఉంటుంది. క్యాల్షియాన్ని పట్టుకోవడానికి దానికి ఉన్నది ఒక్క చెయ్యి అనుకుందాం. విటమిన్ కె సాయంతో ఒక ఎంజైము దానికి రెండో చెయ్యి తగిలిస్తుంది. ఒంటి చేత్తో నిండు బిందె ఎత్తడానికీ రెండు చేతులతో ఎత్తడానికీ ఎంత తేడా ఉంటుందో, ఆ ప్రొటీను క్యాల్షియాన్ని పట్టుకోవడంలోనూ అంత తేడా వస్తుంది. ఈ రెండో చెయ్యి సంగతి 1974లో బయటపడింది. కాలేయంలో తయారయ్యే రక్తం గడ్డకట్టే ప్రొటీన్లకు ఇది లేకపోతే పని జరగదు. డామ్ కోడిపిల్లలు రక్తం కారి చనిపోయింది అందుకే. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఎముకలో ఆస్టియోకాల్సిన్ అనే ప్రొటీను, 1983లో మేట్రిక్స్ గ్లా ప్రొటీను అనేది బయటపడ్డాయి. ఈ రెండింటికీ విటమిన్ కె కావాలి. మొదటిది ఎముక కట్టుబడిలో ఉంటుంది, రెండోది రక్తనాళాల గోడల్లో, మృదులాస్థిలో ఉంటుంది.

రెండో ప్రొటీను ఏం చేస్తుందో 1997లో ఎలుకల్లో తేలింది. ఆ ప్రొటీను తయారీకి అవసరమైన జన్యువును తీసేసి పెంచిన చిట్టెలుకలు పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నాయి. రెండు నెలలు తిరక్కుండానే అన్నీ చనిపోయాయి. వాటిని కోసి చూస్తే, రబ్బరు గొట్టాల్లా సాగవలసిన ధమనులు క్యాల్షియం నిండి సున్నపు గొట్టాల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని చిట్లడం వల్లే వాటి ప్రాణం పోయింది. ధమనులు గట్టిపడకుండా శరీరమే ఒక కాపలాను పెట్టుకుందని ఇంత స్పష్టంగా చూపించిన ప్రయోగం అంతకు ముందు లేదు. ఆ కాపలా పనిచేయడానికి విటమిన్ కె కావాలి. షాపులో విన్న ఆ ఒక్క ముక్కకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

ఎముక విషయంలో ఎలుకలు చెప్పింది మాత్రం వేరు. ఆస్టియోకాల్సిన్ లేకుండా పెంచిన ఎలుకల ఎముకలు బలహీనపడతాయనే పరిశోధకులు అనుకున్నారు. 1996లో వచ్చిన ఫలితంలో వాటి ఎముక తగ్గలేదు సరికదా, పెరిగింది. కాబట్టి ‘విటమిన్ కె ఆస్టియోకాల్సిన్‌ను మేల్కొలుపుతుంది, అందుచేత ఎముక గట్టిపడుతుంది’ అనే వాదనలో మధ్య మెట్టు అంత స్థిరమైనది కాదు. ప్రకటనల్లో ఎలుకల ధమనుల కథ వినిపిస్తుంది కానీ ఈ రెండో కథ వినిపించదు.

మరి మన శరీరంలో లోటు ఉందా? రక్తం గడ్డకట్టడంలో ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులకు రక్త పరీక్ష చేసినా, వారి ఆస్టియోకాల్సిన్‌లోనూ ధమనుల ప్రొటీనులోనూ కొంత భాగం రెండో చెయ్యి తగలకుండానే తిరుగుతుంటుంది. దీనికి బ్రూస్ ఏమ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చాడు. విటమిన్ కొరతగా ఉన్నప్పుడు శరీరం ముందు ఈ పూట ప్రాణం నిలబెట్టే పనికి, అంటే రక్తం గడ్డకట్టడానికి కేటాయించి, ముసలితనంలో అక్కరకొచ్చే పనులను వెనక్కి నెడుతుందని ఆయన అభిప్రాయం. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఇంట్లో బియ్యం ముందు కొని, గోడకు సున్నం వేయించడం వచ్చే ఏటికి వాయిదా వేసుకున్నట్టు. ఇది ఆలోచింపజేసే సిద్ధాంతమే. దాన్నిబట్టి విటమిన్ కె అదనంగా ఇస్తే వెనక్కి నెట్టిన పనులు కూడా జరగాలి. జరిగిందా లేదా అన్నది మనుషుల మీద పరీక్షించి చూడవలసిందే.

మొదట ఎముక సంగతి. అమెరికాలో 72 వేల మందికి పైగా నర్సుల ఆహారపు అలవాట్లను గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, కె1 అతి తక్కువగా తిన్నవారితో పోలిస్తే మిగిలినవారికి తుంటి ఎముక విరిగే అవకాశం దాదాపు 30 శాతం తక్కువగా ఉంది. ఆశ కలిగించే అంకె ఇది. అయితే ఆకుకూరలు బాగా తినేవారు తక్కిన విషయాల్లోనూ ఒంటిని జాగ్రత్తగా చూసుకుంటారు, నడుస్తారు, పొగ తక్కువగా తాగుతారు. ఇలాంటి అధ్యయనంలో ఏది దేని పుణ్యమో పూర్తిగా విడదీయలేం. అందుకే కొందరికి మందు, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చి పోల్చే పరీక్షలు అవసరమవుతాయి.

అటువంటి పరీక్షల్లో ఎక్కువ భాగం జపాన్‌లో జరిగాయి. ఎముకలు గుల్లబారిన రోగులకు అక్కడ 1995 నుంచి ఎంకె-4ను మందుగా, రోజుకు 45 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తున్నారు. 2006లో ఈ పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి విశ్లేషించినప్పుడు, వెన్నుపూసలు, తుంటి ఎముకలు విరగడం ఎంతగానో తగ్గినట్టు కనిపించింది. నేటికీ మన మాత్రల ప్రచారంలో ‘జపాన్ పరిశోధనలు’ అని ఉదహరించేది దీన్నే. ఆ తర్వాత జరిగిన రెండు సంగతులు ప్రచారంలోకి రాలేదు. మొదటిది, ఆ విశ్లేషణలో బలమైన ఫలితాలు చూపిన కొన్ని పరీక్షల లెక్కలు నమ్మదగినవి కావని తేలి, జర్నళ్లు వాటిని ఉపసంహరించుకున్నాయి. రెండోది, జపాన్‌లోనే ఎముకలు గుల్లబారిన దాదాపు 4 వేల మంది మహిళల మీద జరిపి 2009లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, క్యాల్షియం ఒక్కటే తీసుకున్నవారికీ దాంతో పాటు ఎంకె-4 తీసుకున్నవారికీ వెన్నుపూసలు విరగడంలో మొత్తం మీద తేడా రాలేదు. అప్పటికే చాలా వెన్నుపూసలు విరిగి ఉన్న కొద్దిమందిలో మాత్రం కొంత మేలు కనిపించింది.

ఇక్కడ షీటును మరొక్కసారి వెనక్కి తిప్పి చూడాలి. మా అమ్మ మాత్రలో కె2-7 మోతాదు 45 మైక్రోగ్రాములు. జపాన్ మందు 45 మిల్లీగ్రాములు. అంకె ఒక్కటే, కొలమానం వేరు. ఒక మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు కాబట్టి, జపాన్ మోతాదు దీనికి వెయ్యి రెట్లు. అదీగాక అక్కడిది ఎంకె-4, ఇక్కడిది ఎంకె-7. ఎంకె-7 రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది కనుక తక్కువ మోతాదు చాలునన్న వాదనలో అర్థం ఉంది. అయినా వేరే పదార్థాన్ని వేరే మోతాదులో ఇచ్చి రాబట్టిన ఫలితాన్ని ఈ మాత్రకు అంటగట్టడం న్యాయం కాదు. ఈ ఒక్క తేడాను చదివేవారు గమనించాలనే ఈ వ్యాసంలో సగం రాశాను.

ఎంకె-7 మీద విడిగా జరిగిన పరీక్షలు కూడా లేకపోలేదు, అవి ఒకే మాట చెప్పవు. నెదర్లాండ్స్‌లో ముట్లుడిగిన 244 మంది మహిళలకు మూడేళ్లపాటు రోజుకు 180 మైక్రోగ్రాములు ఇస్తే, నడుము వెన్నుపూసల్లో, తొడ ఎముక మెడ దగ్గర ఎముక సాంద్రత తరిగే వేగం కొంత తగ్గింది. నార్వేలో 334 మందికి ఏడాదిపాటు 360 మైక్రోగ్రాములు ఇచ్చినా తేడా రాలేదు. డెన్మార్క్‌లో 142 మందికి క్యాల్షియం, విటమిన్ డిలతో కలిపి మూడేళ్లపాటు 375 మైక్రోగ్రాములు ఇచ్చారు. అచ్చంగా మన షీటు మీది మూడు పేర్ల కలయికే. క్యాల్షియం, విటమిన్ డి మాత్రమే తీసుకున్నవారి కంటే వీరి ఎముకలు మెరుగుపడలేదు. టొరంటోలో కె1ను రోజుకు 5 మిల్లీగ్రాములు ఇచ్చి చేసిన పరీక్షలోనూ ఎముక సాంద్రత మారలేదు. ఎముకలు విరిగినవారి సంఖ్య మాత్రం మందు వాడినవారిలో 9, వాడనివారిలో 20. ఆసక్తి కలిగించే తేడాయే కానీ, అది తేల్చడానికి ఉద్దేశించిన పరీక్ష కాదది. అంత చిన్న అంకెల మీద ఎవరూ మందు రాయలేరు.

గుండె విషయానికి వస్తే, అందరూ చెప్పేది 2004లో వెలువడిన రోటర్‌డామ్ అధ్యయనం. 55 ఏళ్లు దాటిన 4,807 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, కె2 ఎక్కువగా తిన్నవారిలో గుండె ధమనుల జబ్బుతో మరణించే అవకాశం, తక్కువగా తిన్నవారిలో ఉన్నదానిలో సగం కూడా లేదు. కె1తో మాత్రం ఏ సంబంధమూ కనబడలేదు. ‘ఆకుకూరలు చాలవు, కె2యే కావాలి’ అన్న మాట అప్పుడే పుట్టింది. ఆ దేశంలో కె2 ప్రధానంగా జున్ను (చీజ్) నుంచి వస్తుందని, జున్ను తినడంతో ముడిపడిన జీవన విధానం వేరని గుర్తుంచుకోవాలి. 2021లో డెన్మార్క్‌లో 50 వేల మందికి పైగా పెద్దలపై వచ్చిన అధ్యయనంలో కథ తిరగబడింది. అక్కడ కె1 ఎక్కువగా తిన్నవారిలోనే, ధమనులు పూడుకుపోయే జబ్బులతో ఆసుపత్రి పాలవడం 21 శాతం తక్కువగా ఉంది. కె2తో తగ్గుదల అంతకంటే తక్కువే. ఒకచోట ఆకు పనికిరాలేదు, మరొకచోట ఆకే గెలిచింది. ఇలాంటి అధ్యయనాలను చేతిలో పెట్టుకుని ఒక రూపం కంటే మరో రూపం గొప్పదని వాదించడానికి వీల్లేదు.

మందు ఇచ్చి చూసిన పరీక్షల్లో చాలా సూటిగా జవాబు చెప్పింది 2022లో వచ్చిన డెన్మార్క్ పరీక్ష. గుండె నుంచి రక్తం బయటకు వెళ్లే ద్వారం దగ్గరి కవాటంలో క్యాల్షియం పేరుకున్న 365 మంది పురుషులకు రెండేళ్లపాటు ఎంకె-7ను రోజుకు 720 మైక్రోగ్రాములు, విటమిన్ డితో కలిపి ఇచ్చి, సీటీ స్కాన్‌తో కొలిచారు. మా అమ్మ మాత్రలో ఉన్నదానికి ఇది 16 రెట్లు. మందు లేని మాత్ర వేసుకున్నవారి కవాటాల్లో ఎంత క్యాల్షియం పెరిగిందో, వీరిలోనూ దాదాపు అంతే పెరిగింది. అయితే రక్తంలో రెండో చెయ్యి తగలని ప్రొటీను మాత్రం బాగా తగ్గింది. అంటే విటమిన్ తన పని తాను చేసింది, కాపలా మనిషి మేల్కొన్నాడు, అయినా దొంగతనం ఆగలేదు. డయాలిసిస్ రోగుల్లో జరిగిన పరీక్షల్లోనూ ఇటువంటి ఫలితాలే ఎక్కువగా వచ్చాయి. రక్త పరీక్ష కాగితం మీద అంకె బాగుపడటం, జబ్బు నెమ్మదించడం రెండూ ఒకటి కావన్న సంగతి వైద్యంలో ఎన్నోసార్లు రుజువైంది. నెదర్లాండ్స్ మహిళల్లో ఎంకె-7 వల్ల ధమనుల బిరుసుతనం కాస్త తగ్గినట్టు 2015లో కనిపించింది, దాన్ని కాదనలేం. కానీ గుండెపోట్లు తగ్గాయా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పలేదు. విటమిన్ కె మామూలు ఎముకల నిర్వహణకు తోడ్పడుతుందని చెప్పుకోవడానికి ఒప్పుకున్న యూరప్ ఆహార భద్రతా సంస్థ, కె2 వల్ల గుండె, రక్తనాళాలు బాగా పనిచేస్తాయన్న మాటకు మాత్రం తగిన రుజువు లేదని తిరస్కరించింది.

ధమనుల్లో క్యాల్షియం పేరుకోవడమంటే తిన్న క్యాల్షియం దారి తప్పడమని చాలామంది అనుకుంటారు. ధమని గోడలో కొలెస్టరాల్ చేరడం, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, కిడ్నీ జబ్బు కలిసి ఏళ్ల తరబడి గాయం చేస్తే, ఆ గాయం మానే క్రమంలో గట్టిపడే మచ్చ వంటిది అది. గుండెపోటును నిస్సందేహంగా తగ్గించే స్టాటిన్ మందులు వాడినవారిలో ఈ క్యాల్షియం కాస్త పెరగడం కూడా గమనించారు. కాబట్టి ఒక విటమిన్‌తో దాన్ని దారి మళ్లించవచ్చన్న ఆశ, జబ్బును మరీ సులువు చేసి చూపుతుంది. ఈ ఆశతో విటమిన్ డి 60 వేల యూనిట్ల మాత్రలను డాక్టరు చెప్పిన వారాలు దాటాక కూడా వేసుకుంటూ పోయేవారున్నారు. కె2 కూడా వేసుకుంటున్నాం కదా, పరవాలేదనుకుంటారు. రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు కె2 అడ్డుకుంటుందన్న భరోసా ఎక్కడా లేదు.

ఆహారం నుంచి ఎంత వస్తుందో చూద్దాం. యూరప్ ప్రమాణం ప్రకారం పెద్దలకు రోజుకు 70 మైక్రోగ్రాముల కె1 చాలు. అమెరికా ప్రమాణం మహిళలకు 90, పురుషులకు 120. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో మన ఆకుకూరల్లోని కె1 కూడా కొలిచి ఇచ్చారు. పాలకూర, తోటకూర, మునగాకు వంటి వాటిలో 100 గ్రాములకు వందల మైక్రోగ్రాములు ఉంటుంది. ఆకులోని కె1 కణాల పొరలకు అంటుకుని ఉంటుంది కనుక అందులో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది, నూనె తగిలితే ఆ భాగం పెరుగుతుంది. తాలింపు వేసిన తోటకూర వేపుడు, పాలకూర పప్పు మీద చెంచాడు నెయ్యి ఈ లెక్కలో మంచి వంటలే. ఇది నీటిలో కరిగే విటమిన్ కాదు కాబట్టి ఉడికించినంత మాత్రాన పెద్దగా పోదు. వారంలో మూడు నాలుగు సార్లు ఆకుకూర వండే ఇంట్లో కె1 లోటు రావడం అరుదు. నిజమైన లోటు వచ్చేది పైత్యరసం పేగుల్లోకి రాని కామెర్లలో, కొవ్వు ఒంటికి పట్టని పేగు జబ్బుల్లో, ఇంకా అప్పుడే పుట్టిన బిడ్డల్లో. ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన వెంటనే బిడ్డ తొడకు 1 మిల్లీగ్రాము విటమిన్ కె సూది వేసేది అందుకే. ఈ విటమిన్‌కు సంబంధించి సందేహానికి తావులేని, ప్రాణాలు కాపాడే ఉపయోగం అది. దాన్ని ఎవరూ వద్దనకూడదు.

ఎముకలు గుల్లబారాయని, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో తేలినవారికి, విరగడాన్ని తగ్గిస్తాయని పెద్ద పరీక్షల్లో రుజువైన మందులు వేరే ఉన్నాయి. మన ప్రాంతంలో అంతకంటే ముందు చూడవలసింది క్యాల్షియం, విటమిన్ డి లోటు. తిరుపతి స్విమ్స్ వైద్యులు చిత్తూరు ప్రాంతపు పల్లెల్లోనూ పట్టణంలోనూ చేసిన అధ్యయనాల్లో ఈ రెండూ తక్కువగా ఉన్నట్టు గుర్తించారు. ఎండ ఇంత కాసే చోట ఆ ఫలితం వారికే ఆశ్చర్యం కలిగించి ఉంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కె2 చాలామందికి హాని చేయదు. కె1కూ కె2కూ మించకూడని మోతాదంటూ ఏదీ నిర్ణయించలేదు. కానీ వార్ఫరిన్, లేదా మన దగ్గర బాగా వాడే అసిట్రోమ్ వంటి రక్తం పలుచన చేసే మాత్రలు వేసుకునేవారికి ఇది నిజమైన ప్రమాదం. ఆ మందులు పనిచేసేదే విటమిన్ కెను అడ్డుకోవడం ద్వారా. చిన్నప్పుడు కీళ్లవాతం వల్ల గుండె కవాటం చెడి, మెటల్ వాల్వ్ వేయించుకున్నవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వాల్వ్ మీద రక్తపు గడ్డ కట్టకుండా వారిని కాపాడేది ఈ మాత్రే. రక్తం పలుచన చేసే కొత్త రకం మాత్రలకు విటమిన్ కెతో పేచీ లేదు కానీ, మెటల్ వాల్వ్ ఉన్నవారికి అవి పనికిరావు. ఆరోగ్యవంతులైన కొందరికి అసిట్రోమ్‌లోని మందునే ఇచ్చి, దానిపై ఎంకె-7 ఇచ్చి చూసిన ఒక పరీక్షలో, రోజుకు 10 మైక్రోగ్రాములు చేర్చగానే కొందరిలో మందు ప్రభావం గుర్తించదగినంతగా తగ్గింది. షీటు మీద ఉన్నది దానికి నాలుగున్నర రెట్లు. నడుము నొప్పి అని షాపుకు వెళ్లిన వాల్వ్ రోగికి ఎవరో ఒకరు మంచి మనసుతోనే ఈ క్యాల్షియం మాత్ర ఇస్తే, వాల్వ్ మూసుకుపోయే దాకా రావచ్చు. షాపులో ‘నేను రక్తం పలుచన మాత్ర వేసుకుంటున్నాను, కె2 లేని క్యాల్షియం ఇవ్వండి’ అని అడగాలి, షీటు వెనక తామే చదువుకోవాలి, చదవలేనివారు ఇంట్లో పిల్లల చేత చదివించుకోవాలి.

అదే రోగులకు ‘ఆకుకూరలు ముట్టుకోవద్దు’ అని చెప్పే అలవాటు మాత్రం మారాలి. ఆకుకూర పూర్తిగా మానేసినవారి ఒంట్లో విటమిన్ కె నిల్వ అడుగంటి, పెళ్లి భోజనంలో ఒక్క పూట గోంగూర పప్పు తిన్నా, రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్షలోని ఐఎన్‌ఆర్ అంకె అటూ ఇటూ ఊగుతుంది. రోజూ కొద్దిగా, దాదాపు ఒకే కొలతలో తినేవారి అంకె నిలకడగా ఉంటుంది, ఆ కొలతకు తగ్గట్టు డాక్టరు మాత్ర మోతాదు సరిచేస్తారు. ఐఎన్‌ఆర్ అంకెలు రాసుకునే చిన్న పుస్తకంలోనే ఆ వారం ఎన్నిసార్లు ఏ ఆకుకూర తిన్నదీ, కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టిందీ పక్కన ఒక గీత గీసి రాసుకుంటే, అంకె మారినప్పుడు కారణం వెతకడానికి డాక్టరుకు అది చాలా సాయపడుతుంది.